నడుస్తుండగా లాగిన డిస్కు

పడేశారా అని ఇది మూడోసారి అడగడం నాయనా! పడెయ్యలేదు. డిస్కుని టవల్లో చుట్టి, గుండెలకి హత్తుకుని తెచ్చాను. బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. కూర్చుంటే కుదుపు నేరుగా పైకొస్తుంది, నిలబడితే మోకాళ్ళే మింగేస్తాయి. ఇరవై తొమ్మిదేళ్ళు కండక్టరుగా చేసినదాన్ని, ఆ మాత్రం తెలియదా నాకు?

నీళ్ళా? నీళ్ళు కూడా పడలేదు. ముందు నువ్వా మొహం మామూలుగా పెట్టు బాబూ. రిపేరు చేసేవాడే అలా పెదవి విరిస్తే తెచ్చినవాళ్ళు ఏమైపోవాలి?

అదేనయ్యా, లైబ్రరీ మేడ మీద గది. చూపు లేనివాళ్ళ కోసం మేం పుస్తకాలు చదివి రికార్డు చేస్తామే, ఆ గదిలో ముసలి కంప్యూటరు. మర్చిపోయావా? నువ్వే కదా దానికి డిస్కులు పెట్టే ఆ రెండు అరలు బిగించింది! సిస్టమ్ పాతదైపోయింది, కొత్తది వేద్దామంటే మా మైకు కార్డు కొత్తదాంట్లో పలకనంటుంది. పోనీ డిస్కు మార్చినప్పుడల్లా ఆపుదామా అంటే, ఒకసారి ఆపితే లేవడానికి ఇరవై నిమిషాలు. లేచాక మైకు సెట్టింగులన్నీ మర్చిపోయి కొత్త పెళ్ళికూతుర్లా కూర్చుంటుంది.

అందుకేగా ఆపకుండానే డిస్కులు మార్చుకునే ఏర్పాటు చేశావు! పై అర జోలికి పోవద్దు, అందులో సిస్టమ్ ఉంది, దాన్ని లాగితే ప్రాణం పోయినట్టే అన్నావు. కింది అరలో నవలల డిస్కో, పాఠాల డిస్కో, పిల్లల కథల డిస్కో, ఏది కావాలంటే అది.

గుర్తుందా అంటావేంటి? నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఫైళ్ళన్నీ మూసెయ్యాలి. డివైస్ మేనేజర్ తెరిచి, కింది డిస్కు పేరు మీద కుడి బటన్ నొక్కి, అన్‌ఇన్‌స్టాల్ చెయ్యాలి. ఎర్ర దీపం మిణుకు మిణుకు మానేదాకా చూడాలి. రెండు వేళ్ళ మందం లాగి ఆగాలి. లోపల గిర్రున తిరిగేది నెమ్మదించేదాకా ముప్ఫై లెక్కపెట్టాలి. అప్పుడు పూర్తిగా లాగాలి. కొత్తది తోశాక, మళ్ళీ అక్కడే స్కాన్ నొక్కాలి. ఈ పాత సిస్టమ్ తనంతట తను ఎవర్నీ గుర్తుపట్టదు. మనమే భుజం తట్టి, చుట్టాలొచ్చారు చూడు తల్లీ అని చెప్పాలి.

చూశావా! మూడేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ... ఈసారి కూడా అలాగే చేశాను. దీపం ఆరాకే లాగాను. అంటున్నాను కదా!

సరే, తగిలించు. నేనిక్కడ స్టూలు మీద కూర్చుంటాను. ఎంతసేపు పడుతుంది? గంటన్నరా? ఫర్వాలేదు, ఇంట్లో నా కోసం ఎదురుచూసేది ఉతకని బట్టలే.

అందులో ఏముందా? అయ్యో, అదీ చెప్పలేదా! నవల నాయనా. నలభై రెండు అధ్యాయాల నవల. పడవ నడిపే తల్లి కథ. వరదలో చిన్న కొడుకు తప్పిపోతాడు. ముప్ఫై ఏళ్ళ పాటు ఆవిడ అదే రేవులో జనాన్ని దాటిస్తూనే ఉంటుంది, ఎక్కిన ప్రతి మగపిల్లాడి మొహం చూస్తూనే ఉంటుంది. ఐదు నెలలు చదివాను! నలభై అధ్యాయాలు, నా గొంతుతో.

వినేవాళ్ళు అరవై మంది. శుక్రవారం చివరి భాగం పంపాలి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే పిల్ల ఒకతి ఉంది, పుట్టుగుడ్డి. ప్రతి సోమవారం ఫోను. అక్కా, తల్లి గుర్తుపట్టిందా? ఇంకా లేదమ్మా. అక్కా, నాకొక్కదానికి చెప్పెయ్యవా? చెప్పను పోవే అంటాను. ఇద్దరం నవ్వుకుంటాం. ఇప్పుడీ డిస్కు తెరుచుకోకపోతే ఆ పిల్లకి ఏమని చెప్పాలి చెప్పు? కథ చచ్చిపోయిందని చెప్పనా?

ఎంతయింది? పన్నెండు శాతమా. కానీ, కానీ.

చివరి అధ్యాయం నేను చదవలేదు. అదే నా ఏడుపు. గొంతు పట్టేసింది. పది రోజులు నోరు విప్పొద్దన్నాడు డాక్టరు. విప్పకుండా ఉన్నాను, ఎంత నరకమో నీకు తెలియదు. ఆ పది రోజుల్లో నలభై ఒకటీ, నలభై రెండూ ప్లీడరు గారికి ఇచ్చేశారు మా లైబ్రేరియన్.

నీకు తెలుసులే ఆయన. రిటైరైనా కోటు విప్పని మనిషి. గంభీరమైన గొంతే, కాదనను. కానీ ఏం చదివినా జడ్జి గారి ముందు వాదించినట్టే ఉంటుంది. జోలపాట చదివినా పిల్లలు లేచి కూర్చుంటారు!

ఆ చివరి అధ్యాయం మధ్యలో ఏం జరుగుతుందో తెలుసా? ఒక కొత్త మనిషి పడవ దిగుతూ, సాయం చేద్దామని తాడు కడతాడు. ఎడమచేతి ముడి. ఆ ముడి ఆవిడ ఒక్క మనిషికే నేర్పింది. చూస్తుంది. అరవదు, ఏడవదు. "ఈ ముడి నీకెవరు నేర్పారు?" అని అడుగుతుంది. అంతే.

ఆ ఒక్క మాట కోసం ఐదు నెలలు ఆగాను నాయనా. వంటింట్లో గిన్నెలు తోముకుంటూ ఎన్ని రకాలుగా అనుకున్నానో! మెల్లగా అనాలా, గట్టిగానా, ముడి అన్నచోట ఆగాలా అని. అలాంటిది ఆయన చేతిలో పెడితే? "ఈ ముడి! నీకు! ఎవరు నేర్పారు!" సాక్షిని బోనులో నిలదీసినట్టు. నవ్వకు, నిజంగానే చెప్తున్నాను.

ముప్ఫై ఎనిమిదా? భలే, కదులుతోందే!

అంటే పుస్తకంలో విషయసూచిక పేజీ ఒక్కటే చిరిగినట్టా? లోపలి పేజీలు బానే ఉన్నాయా? అమ్మయ్య! నీ నోట్లో చక్కెర పొయ్య! అది ముందే చెప్పొచ్చుగా!

నలభై అధ్యాయాలూ వచ్చాయా? లెక్కపెట్టావా? మళ్ళీ లెక్కపెట్టు. అబ్బ! నాయనా, నువ్వు నాకు పెద్దకొడుకువి. ఉన్న కొడుకు ఏమీ అనుకోడులే.

నలభై ఒకటి కూడా వచ్చిందా. సరే. మరి నలభై రెండు?

సగమేనా?

లేదు లేదు, నేనేం సంతోషించట్లేదు. పళ్ళు అలా ఉంటాయి నాకు. సగమే వస్తే ఇంకేముంది, అది పనికిరాదు కదా, మళ్ళీ మొదటినుంచి చదవాల్సిందే కదా, నా గొంతు కూడా బాగుపడింది కదా...

వినిపిస్తావా? ఎందుకులే. సరే, వినిపించు. ఆయన వాదన ఎలా ఉందో నువ్వే చూద్దువుగాని.

...

ఊఁ. తాడు తీశాడు. కట్టాడు. ఇప్పుడు చూడు.

అదిగో! చెప్పానా! "నేర్పారు" అన్నచోట బల్ల గుద్దినట్టు లేదూ?

ఉండుండు. మళ్ళీ అంటున్నాడేంటి? ఓహో, తప్పులు కోసెయ్యకముందుదా ఇది. అయితే మధ్యలో గొణుక్కున్నవి కూడా ఉంటాయి.

ఏమన్నాడు? వెనక్కి తిప్పు. కొంచెం పెంచు.

"ఛ, బోనులో సాక్షిని అడిగినట్టుంది. కండక్టరమ్మ అయితే ఇక్కడ ఊపిరి పీలుస్తుంది."

...నన్నే నాయనా. కండక్టరమ్మ అంటే నేనే.

ఆపకు. నడవనీ.

ఇది నాలుగోసారి. ఐదు. నీళ్ళు తాగుతున్నాడు. ఆరు. "ఆవిడ ముప్ఫై తొమ్మిదో అధ్యాయంలో తల్లి మాట ఎలా అందో మళ్ళీ వినాలి" అట. విన్నాడన్నమాట! నావి కూర్చుని విన్నాడన్నమాట, ముసలాయన!

తొమ్మిది. పది. "సారీ అమ్మా" అంటున్నాడు, ఎవరికి? పుస్తకంలో ఆవిడకా, నాకా?

పన్నెండు.

...

వచ్చింది.

నువ్వూ విన్నావుగా? మెత్తగా, ఊపిరిలోంచి అన్నట్టు. సరిగ్గా వచ్చింది. నేను గిన్నెల దగ్గర అనుకున్న రకాల్లో ఇది లేదు నాయనా.

ఆ తర్వాత ఏదీ? ఏమీ లేదా. అక్కడే తెగిపోయిందా.

నేనేం ఏడవట్లేదు, మీ కొట్లో దుమ్ము ఎక్కువ.

ఎందుకు తెగిందా. నువ్వు చెప్పకపోయినా నాకు తెలుసు. దీపం వెలుగుతూనే ఉంది నాయనా.

మంగళవారం పొద్దున గొంతుకి మఫ్లరు చుట్టుకుని వెళ్ళాను. గాజు తలుపు అవతల ఆయన పెదవులు కదులుతున్నాయి, మాట వినపడదు కదా బయటికి. చదవడం అయిపోయింది. సేవ్ నొక్కి, కళ్ళజోడు తీసి, మొహం కడుక్కోడానికి వెళ్ళాడు. లోపలికెళ్ళాను. సేవ్ అయిందని తెర మీద ఉంది. కింద ఎర్ర దీపం మాత్రం తెగ కొట్టుకుంటోంది. తెర తొందరపడి చెప్పేస్తుంది, డిస్కు మీద రాయడం అప్పటికి అవ్వదు, దీపాన్నే నమ్మమని నువ్వే చెప్పావు. గుర్తుంది. బాగా గుర్తుండే లాగాను.

అన్‌ఇన్‌స్టాలూ లేదు, ముప్ఫై లెక్కా లేదు. బస్సు మెట్టు మీద మనిషి ఉండగా ఏనాడూ బెల్లు కొట్టనిదాన్ని! ఆయన చదివింది ఒక్కటే పోతుందనుకున్నాను. డిస్కు మొత్తం మూసుకుపోతుందని, నా నలభై అధ్యాయాలు కూడా పోతాయని నాకేం తెలుసు? డిస్కు ముసలిదైపోయి పోయిందని అందరికీ చెప్పాను. పాపం, ప్లీడరు గారే నన్ను ఓదార్చారు. టీ కూడా తెచ్చిచ్చారు.

అలా చూడకు. నువ్వు తిట్టినా పడతాను.

నీ ఫోను ఇటివ్వు. ఇవ్వు నాయనా, ధైర్యం ఉండగానే చేసేస్తాను.

హలో! ప్లీడరు గారూ, నేనండీ, కండక్టరమ్మని. దొరికిందండీ, అంతా దొరికింది. మీది సగమే. అది... అది డిస్కు తప్పు కాదండీ. దీపం వెలుగుతుండగా నేనే లాగాను. కావాలనే. ఆ మాట మీరు చదవడం ఇష్టం లేక. ఆఁ, విన్నానండీ, పన్నెండుసార్లూ విన్నాను. పన్నెండోది అలాగే ఉంచుదాం, దాని తర్వాతది నేను చదువుతాను. మీకేం అభ్యంతరం లేకపోతే.

ఏమన్నారండీ?

...

నాయనా, తిడతాడేమోనని కళ్ళు మూసుకున్నాను. ఏమన్నాడో తెలుసా? పన్నెండోది ఎలా ఉందని అడుగుతున్నాడు! ఇంకేం అడగట్లేదు!

బాగుందండీ! ఆఁ? బాగుందన్నాను! నాకంటే బాగుంది!

చూశావా ఈయన్ని, వినపడలేదంటున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళు బస్సు చివరిదాకా వినపడిన గొంతు ఈయనకి ఫోన్లో వినపడట్లేదట. ఏం చేస్తాం, తప్పు చేసినదాన్ని కదా, ఇంకోసారి చెప్తాను.