సినిమా అయిపోయినాక వచ్చే బిడ్డ

ఒరే నవీనూ, ఆ అటక మీది పెట్టె దించబాక. పాత సామాన్లోడికి ఆ ర్యాకులు ఏసుకో, విరిగిపోయిన కుర్చీలు ఏసుకో, అది మాత్రం అట్టనే ఉండనీ. ఏందా? వీసీపీరా. క్యాసెట్టు పెడితే టీవీలో బొమ్మ వచ్చే మిషను. నీకు తెలవదులే, నీకు మీసాలొచ్చేనాటికే దాని పని అయిపోయింది. నువ్వు సెల్లంగడి పెట్టుకుంటా ఉండావు, సంతోషం, బాగా జరగాల. ఈ రూములో నీకు ముందు వీడియో అంగడి ఉండేది. సురేంద్రబాబుది, బాబు అనేవాళ్లం. పక్కన నా చిల్లరంగడి. స్టూలు దిగి ఇట్ట కూర్చో, చెప్తా. దిగవా? సరే, ఆడనే నిలబడి విను, నాకేంది.

వాడిది అనంతసాగరం పక్క, భూములున్న ఇల్లు. సేద్యం మీద మనసు లేదు, సినిమా అంటే ప్రాణం. వాళ్ల నాయన ఈ అంగడి ముందర నిలబడి తిట్టిన తిట్లు నాకింకా చెవుల్లో ఉండాయి. "మడి దున్నరా అంటే బొమ్మలు బాడుగకిస్తాడంట! మన ఇంటా వంటా ఉందంట్రా ఇది?" అని. వీడు నవ్వుతా, "నాయనా, ఎండన పడొచ్చినావు, సోడా తాగు" అనేవాడు. అంతే, ఆ పెద్దాయన తిట్టేదంతా తిట్టి, సోడా తాగి, లోపల కూర్చోని ఒక పౌరాణికం చూసి బస్సెక్కినాడు. మళ్లీ వారం వచ్చినాడు, తిట్టేదానికే అనుకో. మంచోడురా బాబు. ఎవురన్నా వచ్చి "ఈ సినిమా ఎట్టుండాది" అంటే అబద్ధం చెప్పడు. "బాగలేదు పిన్నమ్మా, అత్తను చెడ్డదాన్ని చేసినారు, కోడలి పక్కన కూర్చోని చూడలేవు" అనేవాడు. అట్ట చెప్తే గిరాకీ పోదా అంటే, పోతే పోయిందిలే రమణయ్యన్నా అనేవాడు.

అబ్బ, అప్పుట్లో ఈ అంగడి చూడాల నువ్వు! ఉదయగిరి నుంచి, దుత్తలూరు నుంచి, మర్రిపాడు అవతల మెట్ట పల్లెల నుంచి వచ్చేవాళ్లు. మిషను, టీవీ, మూడు క్యాసెట్లు బాడుగకు తీసుకునేవాళ్లు. టీవీకి దుప్పటి కప్పి బస్సులో సీటు మీద కూర్చోబెట్టి, మనిషి దాన్ని పట్టుకోని నిలబడి పొయ్యేవాడు. కండక్టరు "టీవీకి టికెట్టు ఏదిరా" అని ఎగతాళి. ఇంకొకటి చెప్పాల నీకు. బాబు పెళ్లిళ్లకు వీడియో కూడా తీసేవాడు. తీసిన క్యాసెట్టు పెళ్లోళ్ల ఇండ్లల్లో ఉండేది కాదు, ఈడనే ఉండేది. మిషను లేనోళ్లు ఇంట్లో పెట్టుకోని ఏం చేసుకుంటారు, ఎలకలు కొరికేస్తాయి. ఎప్పుడన్నా చూడాలంటే ఈడికొచ్చి చూసుకోని పొయ్యేవాళ్లు. ఆ పక్క గోడంతా పెళ్లిళ్లే. మండలంలో ఎవురి పెళ్లి కావాలన్నా ఈ రూములో ఉండాది అనేవాడు, మహా గొప్పగా.

ఆ, తర్వాత ఏముండాది, కేబులొచ్చింది. అది పోతే డిస్కులొచ్చినాయి. ఇప్పుడు మీ ఫోన్లు. ఊళ్లో ఉండే వీడియో అంగళ్లు ఒకదాని వెనక ఒకటి మూతపడినాయి. ఒకడు జిరాక్సు పెట్టినాడు, ఒకడు కోళ్ల అంగడి పెట్టినాడు, అదే, నువ్వు ఆదివారం కోడి తెస్తావే, వాడే. వీడు మాత్రం ఈగలు తోలుకుంటా కూర్చున్నాడు. కొత్త క్యాసెట్లు కొనే శక్తి లేదు, గోడ మీద చూస్తే పెళ్లిళ్లు. అడిగేవాళ్లు లేరు. క్యాసెట్టు అంచున చిన్న ముక్క ఉంటాదిరా, అది విరిచేస్తే దాని మీద ఇంకేం ఎక్కదు. ఆ సందుకు ప్లాస్టరు అంటించినావంటే మళ్లీ ఎక్కుద్ది. వీడు అదే చేసినాడు. ప్లాస్టరేసి, ఎక్కించే మిషను ఇంకొకటి పెట్టుకోని, కేబుల్లో వచ్చే సినిమాలు పెళ్లిళ్ల మీదికెక్కించినాడు. అట్ట ఎన్ని చెరిపినాడో వాడికే తెలవదు.

ఒకరోజు, మంచి ఎండాకాలం, ఒకామె వచ్చింది. వెంకమ్మ, మర్రిపాడు అవతల పల్లె. చెప్పులు కూడా లేవు. నా అంగట్లో నీళ్లడిగి తాగి, బాబు ముందర నిలబడి, "నాయనా, సినిమా అయిపోయినాక ఒక బిడ్డ వస్తాది చూడు, ఆ క్యాసెట్టు పెడతావా" అనింది. వీడికి అర్థం కాలా. అయ్యిందేందంటే, ఆ ముందు వారం వాళ్ల పల్లెలో ఎవురో మిషను తీసుకోనిపోయి, కిటికీలకు గోతాలు కట్టి మధ్యాన్నం సినిమా ఏసినారు. శుభం పడింది, అందరూ చీరలు దులుపుకోని లేస్తా ఉండారు. ఆపేవాడు ఆపలా. సినిమా పెళ్లికంటే పొట్టిది గదా, కింద చెరగని తోక ఒకటి మిగిలి ఉండాది. పెళ్లి భోజనాల బంతి. దాంట్లో ఆమె బిడ్డ సుకన్య సాంబారు బకెట్టు పట్టుకోని వడ్డిస్తా వచ్చింది. ఆ బిడ్డ అప్పటికే కామెర్లొచ్చి చచ్చిపొయ్యింది పాపం, పెళ్లీడు పిల్ల. స్నేహితురాలి పెళ్లికి పోయినప్పుడు తీసిన వీడియో అది. ఇంట్లో ఇస్కూలు ఫొటో ఒకటి ఉండాది, సరే. ఫొటోలో బిడ్డ కదల్దు గదరా.

బాబు పెట్టినాడు. ఆ బిడ్డ వస్తాది, ఒక ముసిలాయన చెయ్యి అడ్డం పెడతా ఉంటే నవ్వుతా ఇంకొంచెం పోస్తాది, కెమెరా చూసి సిగ్గుపడి మొహం తిప్పుకుంటాది. అంతే. మళ్లీ పెట్టు అంటాది వెంకమ్మ. మళ్లీ పెడతాడు. పొయ్యేటప్పుడు రెండు చేతులెత్తి దండం పెట్టి, "నా బిడ్డను నాకిచ్చినావు నాయనా, నీ కడుపు చల్లగుండాల" అనింది. ఆమె పోయినాక వాడు ఈ గడప మీద కూలబడినాడురా. ఏందిరా బాబూ అంటే, "అన్నా, ఆ పెళ్లి తీసింది నేనే. ఆ పిల్ల పెళ్లికూతురి పక్కనే నిలబడింది ముహూర్తమంతా. జడ చూపించమంటే తిరిగి చూపించింది. పాట కూడా పాడింది. అంతా చెరిపేసినాను. ఈ బకెట్టు ఒక్కటి మిగిల్చి దండం పెట్టించుకున్నాను" అన్నాడు. ఆ పెళ్లోళ్లు మళ్లీ క్యాసెట్టు అడిగిన పాపాన పోలా. ఇంకొకటి లేదు.

అప్పుటినుంచి అంగడి మూయలా. జనం నవ్వినారు. వాళ్ల నాయన ప్రాణం పొయ్యేటప్పుడు కూడా, "ఇంకా ఆ బొమ్మలేనా రా" అన్నాడంట. వీడు పొద్దన చేను చూసుకునేది, మంగళవారం మటుకు వచ్చి షట్టరు ఎత్తేది. ఆమె మంగళవారం బస్సుకొచ్చేది మరి. మిషను చెడితే విడిభాగాలకు నెల్లూరు పొయ్యేవాడు. చెప్పెయ్యరా, గుండెల్లో బరువు తగ్గుద్ది అని నేనంటే, "చెప్తే ఆ నాలుగు నిమిషాల సంతోషం కూడా పోతాదన్నా" అనేవాడు. నాకు కోపమొచ్చేది. కోపం కాదులే. సోడా కొట్టి వాడి చేతికిచ్చి నా అంగట్లోకి పొయ్యేవాణ్ణి.

చివరికి వాడికి ఒళ్లు బాగలేకుండా వచ్చింది. కాళ్లు వాచినాయి, మనిషి సగమైనాడు. ఇంక రాలేనని వాడికి తెలిసింది. ఆ మంగళవారం నేను ఈడనే ఉండా, నువ్వు నిలబడిన చోట. వెంకమ్మ బిడ్డను చూసుకునింది. వీడు మిషను ఆపి, ఆమె చెయ్యి పట్టుకోని, "అమ్మా, దీని ముందర రెండు గంటల పెళ్లి ఉండింది, నీ బిడ్డ అంతట్లో ఉండింది, సినిమా కోసం నేనే చెరిపినాను" అని ఏడ్చినాడు. ఆమె కొంగుతో వాడి మొహం తుడిచింది. "తెలుసులే నాయనా" అనింది. "ఆ పెళ్లికి నేనూ వచ్చినాను గదా. దానికి జడేసి పూలు పెట్టింది నేను. ఆ బకెట్టుకు ముందర ఏముండిందో నాకు తెలవదా? మొదటి దినమే తెలుసు. అడిగితే నువ్వు మొహం చెల్లక అంగడి మూసేస్తావేమో, ఇది కూడా చూపించవేమో అని నోరు మూసుకోనుండా."

క్యాసెట్టు తీసిస్తే తీసుకోలా. మా ఇంట్లో ఏ మిషనుండాది, దాంట్లోనే ఉండనీ అనింది. వాడు వానాకాలం దాటలా. ఆమె ఆ తర్వాత కూడా కొన్నాళ్లు మంగళవారం వచ్చేది, మూసిన షట్టరు ముందర కూర్చోని, నా అంగట్లో నీళ్లు తాగి బస్సెక్కేది. తర్వాత రావడం మానింది. ఆ బిడ్డ దాంట్లోనే ఉండాదిరా, ఆ పెట్టెలో, బకెట్టు పట్టుకోని...

ఏందిరా అట్ట చూస్తావు? దిగు ముందు. స్టూలు కదులుతా ఉండాది.