చేతి మీద తెచ్చిన మాట

ఏమిటే ఆ అరచేతి నిండా రాతలు? రేపు పరీక్షా? ఇరవై ఇంగ్లీషు మాటలూ నోటికి రావాలా? సరే సరే, దాచకు, మీ అమ్మకి చెప్పనులే. ఇటు చూపించు. నా కళ్లజోడేదీ... ఆ, నెత్తి మీదే ఉంది. మా అన్నయ్య కూడా ఇలాగే చేతి మీద రాసుకొచ్చేవాడే. పరీక్షకి కాదు, నాకోసం. నువ్వు వాణ్ణి చూళ్లేదు. మీ అమ్మా చూళ్లేదు. వాడు పోయేసరికి నాకు పదహారేళ్లు.

మా ఇంగ్లీషు మాస్టారు మీవాళ్లలా ఇరవయ్యేసి మాటలు నెత్తిన పడేసేవారు కాదు. రోజుకి ఒక్క మాట. అదీ మనమే పట్టుకురావాలి. పుస్తకంలోది చెల్లదు, డబ్బా మీదో, బోర్డు మీదో, మందుసీసా మీదో చూసిందవ్వాలి. చీటీ మీద మాట రాసి, కింద పేరు రాసి, ఆయన బల్ల మీది బిస్కెట్ల డబ్బాలో వెయ్యాలి. ఆయన చీటీ తీసి, "ఎక్కడ చూశావు? అర్థం ఎవరు చెప్పారు?" అని ముక్కుతో అడిగేవారు. ఆయనకి ఎప్పుడూ జలుబే పాపం. మాట ఎక్కడిదో చెప్పకపోతే లెక్కలోకి రాదు. అన్నయ్య కూడా ఆయన దగ్గర చదివినవాడే. నాకంటే మూడేళ్లు పెద్ద. వాడు బళ్లో ఉన్నన్నాళ్లూ డబ్బాలో సగం చీటీలు వాడివేనట. వాడు ఎనిమిదిలో ఉండగా నాన్న నిచ్చెన మీంచి పడ్డాడు. గోడలకి రంగులు వేసేవాడులే నాన్న. నడుం విరిగి మంచాన పడ్డాడు. "ఆడపిల్లని మాన్పించండి, మగపిల్లాడు చదువుకుంటాడు" అని పక్కింటావిడ. వాడేమో, "అది బాగా చదువుతుందండీ, నేను పన్లోకి పోతా" అన్నాడు. పోయాడు. స్టేషన్ వెనక గోడౌన్‌లో పెట్టెలు మొయ్యడానికి.

ఆ పెట్టెల మీద బోలెడు ఇంగ్లీషు. కాగితం ఎక్కడుంటుంది, ముంజేతి మీద పెట్టెలకి గుర్తులేసే సిరాతో ఒక మాట రాసుకొచ్చేవాడు. "ఏరా, మొయ్యమంటే చదువుతున్నావా?" అని కసిరే గుమాస్తానే బతిమాలి అర్థం అడిగేవాడు. చెమటకి చెరిగిపోకుండా బస్సులో ఆ చెయ్యి గాలికి చాపి కూర్చునేవాడట. ఇంటికి రాగానే, "రావే, చదువు" అని చెయ్యి నా ముందు పెట్టేవాడు. పెరిషబుల్, అంటే తొందరగా పాడయ్యేది. ఇన్‌ఫ్లేమబుల్, ఇట్టే అంటుకునేది. క్లాసులో ఎవరికీ రాని మాటలు! నేను చీటీ రాసి నా పేరు పెట్టేదాన్ని. ఎక్కడ చూశావంటే, "కొట్లోనండీ" అనేదాన్ని. "మీ అన్నయ్య ఏం చేస్తున్నాడమ్మా?" అంటే, "పిన్ని వాళ్లూళ్లో చదువుకుంటున్నాడండీ" అనేదాన్ని. సిగ్గు! మా అన్నయ్య మూటలు మోస్తాడని చెప్పడానికి సిగ్గు. ఇంటికొస్తే వాడు, "నేను తెచ్చానని మాస్టారికి చెప్పావా? ఏమన్నారు?" అని ఆశగా అడిగేవాడు. వాడిక్కావలసింది అదొక్కటే. "చెప్పాను, భలే అన్నారు" అనేదాన్ని. అటో అబద్ధం, ఇటో అబద్ధం. మూడేళ్లు.

ఒక సాయంత్రం ఇద్దరం నాన్నకి మందు తేవడానికి వెళ్లాం. మందుల షాపు మెట్ల మీద మాస్టారు ఎదురయ్యారు. ఆయన వాడి భుజం తట్టి, "ఏరా, ఎంత పొడుగయ్యావు! పిన్ని వాళ్లూళ్లో చదువు బాగా సాగుతోందా?" అన్నారు. వాడు నా వంక చూశాడు. ఒక్కసారే. ఆ చూపు ఇప్పటికీ... సరే. సిరా ఉన్న చెయ్యి నెమ్మదిగా వెనక్కి పెట్టుకుని, "బాగానే సాగుతోంది మాస్టారూ" అన్నాడు. మందు కొనుక్కుని ఇంటిదారి పట్టాం. తిడతాడు, కొడతాడు అనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, ఎప్పటిలాగే చెయ్యి నా ముందు పెట్టి, "రావే, చదువు" అన్నాడు. కన్సైనీ. "సరుకు ఎవరికి చేరాలో ఆ మనిషిని అలా అంటారట" అన్నాడు. మాస్టారికి చెప్పావా అని మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు చెప్పి ఉంటాననుకుంటున్నావు కదూ? లేదే. మళ్లీ కొట్లోనండీ అన్నాను. నాలుక ఎలా తిరిగిందో ఏమో. ఇంకో రెండేళ్లకి కామెర్లు వచ్చి పదిహేను రోజుల్లో పోయాడు. మాస్టారు ఇంటికొచ్చారు, అప్పుడు చెప్పాను, ఆయన కాళ్ల దగ్గర కూలబడి. ఆయన కోప్పడలేదు. మర్నాడు బిస్కెట్ల డబ్బా చంకన పెట్టుకుని మళ్లీ వచ్చారు. పాత చీటీలు దాచారే, మహానుభావుడు! నా పేరున్నవన్నీ ఏరి నా ముందు పోసి, "వాడి పేరు రాయమ్మా" అన్నారు. కూర్చుని రాశాను. నా పేరు కొట్టెయ్యడం, పక్కన వాడి పేరు రాయడం. పోయినవి పోగా నాలుగొందల పైచిలుకు. పొద్దు వాలేదాకా ఆయన అలా గుమ్మంలో నిలబడే ఉన్నారు. రాశాను సరే, అన్నీ రాశాను. కానీ వాడు చూడలేదు కదే.

...

ఏదీ, ఆ చెయ్యి ఇలా తే. ఉండు, కదపకు. ఇదేం మాట? ...సరేలే, లే, అన్నం వేళయింది. చెయ్యి కడుక్కోకు, ఈ పూటకి చెంచాతో తిందువుగాని.