కాటుక చుక్కల గుడ్లు

హలో… ఆ, నేనే. ఈశ్వరయ్యను. నీ అన్నను. గొంతు గూడ మర్చిపోయినవా కొండల్?

…మస్తుగున్నం. దవాఖాన అరుగు మీద కూసోని మాట్లాడుతున్న.

…నాకు కాదు, బిడ్డకు. ప్రియదర్శినికి. తెల్లారినప్పటి సంది ఒకటే వాంతులు. ఐదో నెల కడుపుతోని ఉన్న పిల్ల. గ్లూకోజ్ ఎక్కిచ్చిన్రు. సాయంత్రం దాంక ఏం చెప్పలేమంటున్నది డాక్టరమ్మ.

…ఏం తిన్నదా? అది నువ్వే చెప్పాలె. మీ ఇంటి గుడ్లు తిన్నది.

ఆ, అవే. పోయిన ఆదివారం బుట్టల గడ్డి పరిచి ఆటోల పంపినవు గదా. నువ్వొచ్చి ఇయ్యనీకె కాళ్లు రాలే. ఎయిర్‌పోర్టుకు భూమి పోయిన కాడ్నుంచి మాట లేదు, పలుకు లేదు. ఒక్కపారిగ ఇరవై నాటుకోడి గుడ్లు! అప్పుడే అనుకున్న, ఇండ్ల ఏదో ఉన్నదని.

…ప్రేమనా? చెల్క భూమి పంచుకున్న నాడే చూసిన నీ ప్రేమ. రోడ్డు దిక్కు నీకు. నా ముక్క మీద ఇయ్యాల విమానాలు దిగుతున్నయి… ఆగు, ఒకటి పోతున్నది. ఇనపడదు.

…ఆ, ఇప్పుడు చెప్పు.

…అరవకు. రేణుకమ్మను ఎందుకనొద్దు? సగం గుడ్లకు నల్ల చుక్కలెందుకు పెట్టింది నీ పెండ్లాం? నాకు కండ్లు లేవనుకున్నదా?

…ఏంది? పొదుగేసేటియా?

…నాకు చెప్తున్నవా? పొదుగేసే గుడ్లకు అమ్మ బొగ్గుతోని గీత గీస్తుండె. నేను చూడలేదా? ఇది గీత గాదు, బొగ్గు గాదు. కాటుక. నా వేలికి అంటింది.

…బొగ్గు లేదా.

…గ్యాస్ పొయ్యి. ఊఁ.

…ఏ కోడి? మీ ఎర్రదా? కుక్క పట్టిందా… నాలుగు దినాలు పొదిగినంక. అందుకని మా కోడి కిందికి పంపిన్రా. మా కోడి పొదుగుకొచ్చిందని మీకెవరు చెప్పిన్రు?

…ప్రియదర్శినే. మంచిది. అత్తాపూర్ల అత్తగారింట్ల ఉండి నా ఇంటి ముచ్చట్లు చిన్నమ్మకు చెప్తున్నది.

…అవు, ఆ దినం రేణుకమ్మ నాకు ఫోన్ చేసింది. రెండుసార్లు. రెండుసార్లూ కట్ చేసిన. అయితే ఏంది?

…చుక్కలవి యాడ పెట్టిన్నా?

…పెట్టలే. కడిగిన.

అన్నీ. బకెట్ల పసుపునీళ్లు పోసి, పీచుతోని రుద్ది రుద్ది… చుక్క పోయేదాంక. నాకు అనుమానమొచ్చింది కొండల్. కడుపుతోని ఉన్న పిల్ల ఇంటికొచ్చేదున్నది. ఇంట్ల మీ వదినె గూడ లేదాయె, అడుగుదామంటే.

…తిట్టు, ఎంతన్న తిట్టు.

…తుడవలే. తడి మీదనే ఫ్రిజ్‌ల పెట్టిన. తలుపుకు గుంటలుంటయి గదా, అండ్ల.

…కరెంటు యాడుంది? పొద్దుగాల రెండు గంటలు, పగటీలి మూడు గంటలు పోతది. అది ఫ్రిజ్ కాదు, బీరువా.

…ఎవరు, రేణుకమ్మనా చెప్తున్నది పక్కపొంటి? గుడ్డు మీద పొర ఉంటదా… కడిగితే పోతదా. తడిని లోపటికి గుంజుకుంటదా.

…అవు. అమ్మ ఎన్నడు కడగలే. వడ్ల తౌట్ల గుచ్చి పెడుతుండె. సన్న మొన కిందికి. మైలుంటే పొడిగుడ్డతోని తుడిచేది. యాదికున్నది. ఇప్పుడు యాదికొస్తున్నది.

…నీళ్లల్ల తేలితే మురిగిందేనా? నిన్న ఉడకపెట్టంగ ఒకటి తేలింది. నాటుగుడ్డు గదా, తేలికనుకున్న. కరెంటు లేకుండె. పిల్ల చీకట్లనే ఒలుచుకున్నది. వాసనొస్తున్నది బాపు, అన్నది…

…నాటుగుడ్డు గట్లనే ఉంటది, తినుమన్న.

కొండల్. నువ్వు ఇంట్లనే ఉన్నవా? తలుపు పెట్టుకో.

…చెప్పేది ఇను. అల్లునికి చెప్పిన. నీ పెండ్లాం గుడ్లకు మందు పెట్టి పంపిందని. శేఖర్ బండి మీద పాల్మాకుల మీ ఇంటికి వస్తున్నడు. బయలెల్లి ఇరవై నిమిషాలాయె. నేనే పంపిన. పొయ్యి అడుగు పో, మొగోనివేనా అన్న.

…ఎన్నిసార్లు చేసినా వాడు ఎత్తుతలేడు. ఆగు, నువ్వు… ఏంది? బండి సప్పుడా?

రేణుకమ్మను లోపటికి పంపు. ఫోన్ వానికియ్యి… ఇయ్యవోయ్!

శేఖర్, నేను, మామను. ముందు ఆయన అంగి గల్లా ఇడువు. …ఇడువు బిడ్డా. ఆమె ఏం చెయ్యలే.

…నన్నెవరు బెదిరిచ్చలే. పొదుగేసే గుడ్లు, తినే గుడ్లు కలిపి కడిగింది నేను. పిల్ల వాసనన్నా తినుమన్నది నేను. డాక్టరమ్మకు గూడ గిదే చెప్త, ఇప్పుడే లోపటికి పోయి.

…నన్ను అనుకో. ఏమన్న అనుకో. అక్కడొద్దు. ఫోన్ రేణుకమ్మకియ్యి.

…

రేణుకమ్మా? నేను, బావను.

…ఏడ్వకమ్మా. ఆదివారం రెండుసార్లు చేసినవు గదా. అప్పుడు ఏం చెప్దామనుకున్నవో ఇప్పుడు చెప్పు. ఇంట.

…చుక్కలవి కోడి కిందికి. ఆ. చుక్కల్లేనివి పిల్లకు. ఆ… ఇన్నమ్మా. ఇన్న.

హలో?

…రేణుకమ్మా?

…కట్ చేసింది.