తండాకు మాట మోసిన సువార్తమ్మ

అయ్యలారా, అమ్మలారా,

ఆళ్లగడ్డ వాళ్లు వచ్చారు. నంద్యాల నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లు ఉన్నారు. తండా నుంచి ఎండలో నడిచి వచ్చినవాళ్లు ఉన్నారు. సువార్తమ్మ లేదు. మొన్నమొన్నటిదాకా ఈ బజారులోనే కుట్టుమిషను ముందు కూర్చుని రవికెలు కుట్టిన మనిషి లేదు. నన్ను మాట్లాడమన్నారు. అహోబిలంలో జీవితమంతా తెలుగు పాఠం చెప్పి, ఆ తర్వాత పార్టీ తాలూకా కమిటీలో సభ్యుడిగా ఉన్నవాణ్ణి. మాటకు కరువు లేదనుకున్నాను. ఈ రోజు ఏ మాటా ఆసరాగా దొరకడం లేదు.

సువార్తమ్మ భర్త తండాలో మిషన్ బడి అయ్యవారు. ఆ బడి పక్క గుడిసెలోనే ఆమె కాపురం. సుగాలీల భాష అక్కడే నేర్చింది. భర్త పోయాక ఆళ్లగడ్డకు వచ్చి కుట్టుమిషను పెట్టుకుంది. తండావాళ్లు ఆమెను ‘యాడీ’ అని పిలిచేవారు. వాళ్ల భాషలో యాడీ అంటే అమ్మ.

డెబ్బై ఎనిమిదిలో అనుకుంటాను, పార్టీ సభ్యుల సమావేశం జరిగింది. తండాలో ఇంటింటికీ సభ్యత్వం రాయించారు. బహిరంగ సభ అంటే ట్రాక్టర్లలో ఎక్కించి తెచ్చేవారు. కమిటీని ఎన్నుకునే రోజు మాత్రం వాళ్లు బయట అరుగు మీద! వేలిముద్ర వేసి ఇంటికి పోవడమే వాళ్ల పని. ఆ రోజు ఆమె వాళ్లను వెంటబెట్టుకుని తలుపు దగ్గరికి వచ్చి, అధ్యక్షుణ్ణి అడిగింది: “ఓటుకు పనికొచ్చినోళ్లు లోపల కూచునేదానికి పనికిరారా అన్నా?”

“మన మాట వాళ్లకేం తెలుస్తాది?” అన్నాడాయన.

“నేను చెప్తా. మీరు నిదానంగా మాట్లాడండి, చాలు.”

లోపలికి వచ్చారు. కూర్చున్నారు. ప్రతి మాటా ఆమె వాళ్లకు చెప్పింది. మధ్యలో ఎవరో విసుక్కున్నారు, ఏందీ ఆ గుసగుస అని. “గుసగుస కాదప్పా, నీ మాటే వాళ్లకు చెప్తాండా” అంది.

ఆ సభలోనే హామ్లీబాయి లేచి నిలబడింది. తండాలో పెద్దామె, తెలుగు ఒక్క ముక్క రాదు. మేము వంక నీళ్లు తాగుతున్నాం, ఎద్దులు తొక్కిన నీళ్లు తాగుతున్నాం, మీలో ఒక్కరైనా వచ్చి ఒక్క గుక్క తాగండి అని అరిచింది. కాస్త మెత్తగా చెప్పమ్మా అని మాలో ఒకరు సువార్తమ్మకు సైగ చేశారు. ఆమె ఏమందో తెలుసా? “ఇది నా మాట కాదు సామీ, తగ్గించేదానికి.” అరిచింది అరిచినట్టే చెప్పింది. తండాకు బోరింగు వేయించాలని ఆ రోజు తీర్మానం చేశాం. అందరం చేతులెత్తాం.

బోరింగు వచ్చిందా? రాలేదు. మరుసటి ఏడు అడిగారు. చూద్దామన్నారు. ఆ పై ఏడు అడిగారు. చూద్దామన్నారు. నేను లేచి అడిగాను, నాకూ అదే జవాబు. అయ్యలారా, ఆ ‘చూద్దాం’ తండాకు ఎవరి నోట వినిపించింది? అధ్యక్షుడి నోట కాదు. సువార్తమ్మ నోట. ఒకసారి మిషను దగ్గర నాతో అంది: “ఒగరి అబద్ధం మోసి మోసి నా నోరే అబద్ధమై పోతాంది సామీ.”

ఒక వేసవిలో తండాలో వాంతులు, భేదులు మొదలయ్యాయి. హామ్లీబాయి మనవరాలు పోయింది. ఇంకా సరిగా నడక రాని పిల్ల. సువార్తమ్మ వెళ్లింది, నేనూ వెంట వెళ్లాను. హామ్లీబాయి ఆమె భుజాలు పట్టుకుని ఊపేస్తూ ఏదో అడిగింది. నాకు అర్థం కాలేదు. తిరిగి వచ్చే దారిలో సువార్తమ్మ చెప్పింది: “నీళ్లొస్తాయని నువ్వే కదా చెప్పినావు అనింది సామీ.” అవి నాయకుల మాటలని అక్కడ చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఆ పిల్ల పక్కన ఊరికే కూర్చుంది.

అయినా మానలేదు. ఈ ఏడు నంద్యాలలో పార్టీ పెద్ద సమావేశమంటే తండావాళ్లందరినీ బస్సెక్కించింది. నేనూ ఉన్నాను. సమావేశం మధ్యాహ్నమని మాకు చెప్పారు. అది పొద్దున్నే అయిపోయింది. ఎన్నికల్లో అభ్యర్థి ఎవరో కూడా తేలిపోయింది. మేము పోయేసరికి షామియానా విప్పుతున్నారు. ఆమె ఎవరినీ తిట్టలేదు. “వచ్చినాం కదా, చెప్పాల్సింది చెప్పి పోదాం” అని అందరినీ కింద కూర్చోబెట్టింది. ఒక్కొక్కరు లేచి మాట్లాడారు. ఆమె ఒక్కొక్కటీ తెలుగులో చెప్పింది. ఎవరికి? గుంజలు పీకేవాళ్లకు. నాకు.

తర్వాత సువార్తమ్మకు కామెర్లు వచ్చాయి. నంద్యాలలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. సంగతి తెలిసి హామ్లీబాయి ఒంటరిగా బయలుదేరింది. ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ‘యాడీ, యాడీ’ అని అడిగింది. అక్కడివాళ్లకు అది ‘యాడికి’ అన్నట్టు వినపడింది. యాడికి పోవాలవ్వా అని వాళ్లు, యాడీ అని ఈమె. పాపం, వాళ్ల తప్పూ లేదు. బస్టాండుకు దారి అడుగుతోందనుకుని అటు చూపించారు. ఆమె అటు పోయింది. తిరిగి వచ్చింది. మళ్లీ అడిగింది. నేను మందులకని బయటికి వచ్చి ఆమెను చూసి లోపలికి తీసుకుపోయేసరికి సువార్తమ్మ కళ్లు మూసింది.

హామ్లీబాయి ఆమె మంచం పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు తెలియదు. క్షమించమందో, నిలదీసిందో, ఏమీ తెలియదు. చెప్పగలిగిన ఒక్క మనిషీ ఆ మంచం మీదే ఉంది.

బోరింగు ఇంకా రాలేదు. వచ్చే నెలలో మళ్లీ సభ్యుల సమావేశం ఉంది. తండావాళ్లు వస్తారు. లోపల కూర్చుంటారు. ఎవరు చెబుతారు వాళ్లకు? నాకు ఆ భాష రాదు. ఈ వయసులో ఇక రాదు. మీలో ఎవరికైనా వస్తుందేమోనని ఈ వారమంతా అడిగి చూశాను.

అయ్యలారా, అమ్మలారా, సువార్తమ్మ కోసం అందరం లేచి కాసేపు మౌనంగా నిలబడదాం. ఈ మాట తండావాళ్లకు ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. నేను లేస్తాను. నన్ను చూసి వాళ్లూ లేస్తారు.