పద్దెనిమిదో పేరు

1996 మే నెల. చిక్కడపల్లి సందులో తిమ్మయ్య ఇస్త్రీ దుకాణం, దాని వెనక గదే ఇల్లు; అక్కడ భార్య ఆశమ్మ వంట చేస్తోంది. తిమ్మయ్య ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుకు సెక్రటరీ. శ్రీశైలం ఆ క్లబ్బు గోల్‌కీపర్. అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్లో గది తీసుకుని సర్కారు పరీక్షలకు చదువుతున్నాడు. తిమ్మయ్య చేతిలో ఇస్త్రీపెట్టె, శ్రీశైలం చేతిలో కలం. మధ్యాహ్నం మూడున్నర.

“‘గౌరవనీయులైన’ కొట్టెయ్.”

“కొట్టేస్తే ఎట్ల కాకా? లీగ్ అధ్యక్షునికి రాస్తున్నం. అర్జీ అట్లనే మొదలైతది.”

“ఆయన మొన్న మ్యాచ్‌కు మన మీద ఆడిన పైపుల కంపెనీ టీమోళ్ల కారుల వచ్చిండు. వాళ్ల కూల్‌డ్రింకే తాగిండు. వాళ్ల కుర్చీలనే కూసున్నడు. కొట్టెయ్.”

“ఉత్త ‘అధ్యక్షునికి’ అని ఉంచనా?”

“గదే ఎక్కువ. ఉంచు.”

“సరే. చెప్పు.”

“పోయినేడు లీగ్ మీటింగుల అన్ని క్లబ్బులు చేతులెత్తి ఒప్పుకున్న రూలు ఏందంటే... రాస్తున్నవా?”

“రాస్తున్న.”

“మొదటి డివిజన్ల ఆడే ఏ క్లబ్బైనా సీజన్ మొత్తం మీద ఆటగాళ్లకు యాభై వేలు దాటి ఖర్చు పెట్టొద్దు. జీతమను, బోనసను, బత్తా అను, ఏ పేరన్న పెట్టు. యాభై వేలే.”

“ఈ రూలు తెచ్చింది నువ్వే అని గూడ రాయాల్నా?”

“వాళ్లకు తెల్వదా? మూడేండ్లు తిరిగిన. బషీర్‌బాగ్ ఆఫీసుకు ఇరవై రెండు మెట్లు. పదమూడోది పగిలింది. రాయి, మాటలు పెట్టకు. ఐదింటికి తాళమేస్తరు.”

“రేపు ఇస్తే తీస్కోరా?”

“గడువు ఇయ్యాల్టిదాంకనే. మ్యాచ్ అయినంక మూడు రోజులు. నీకు తెల్వదా ఏంది? మొన్నటి మ్యాచ్ రద్దు చేసి పాయింట్లు మనకియ్యాలె. లేకుంటె రెండో డివిజన్‌కు పడిపోతం. పడిపోతే గ్రౌండు ఇంకోనికి ఇస్తరు. గ్రౌండు లేని క్లబ్బు ఏంది? రబ్బరు స్టాంపు.”

“నాకు తెల్సు కాకా.”

“తెలిస్తే కలం కదలాలె. ఏడో రూలు గూడ రాయి.”

“ఏడోది ఎందుకు?”

“ఏ క్లబ్బైనా ఇంకో క్లబ్బు యజమానుల దగ్గర ఒక్క పైస గానీ, ఒక్క వస్తువు గానీ తీస్కుంటే ఆ క్లబ్బు పేరు లీగ్‌లకెళ్లి కొట్టెయ్యాలె. పెద్దోళ్లు చిన్నోళ్లకు తినబెట్టి మ్యాచులు కొనుక్కుంటరని నేనే అడిగి పెట్టిచ్చిన.”

“అది ఈ కేసుకు రాదు కాకా.”

“రాకపోతే రాకపాయె. మనం ఎట్లున్నమో వాళ్లకు కనవడాలె. రాయి.”

“ఏడో రూలు... ఒక్క వస్తువు గానీ...”

“కలం ఎందుకు ఆగింది?”

“సిరా ఆగింది. వేడికి.”

“విదిలియ్యి. నేల మీద విదిలియ్యి, అంగీల మీద కాదు. గవి మీ హాస్టలోళ్లవే.”

“రాసిన. ఏడో రూలు రాసిన.”

“ఇగ పైపుల కంపెనీ సంగతి. లీగ్‌కు వాళ్లిచ్చిన లెక్కల ఎంత చూపిచ్చిండ్రు?”

“నలభై తొమ్మిది వేల ఎనిమిది వందలు.”

“చూసినవా? రెండు వందలు మిగిల్చిండ్రు. మర్యాదస్తులు. థూ! మిగిల్నది యాడికెళ్లి ఇస్తున్నరు? కాచిగూడ గోదాముల ఆటగాళ్లందరికి నౌకర్లు. సూపర్‌వైజరు, టైమ్‌కీపరు, పగటి వాచ్‌మన్. ఒక్క గోదాముకు ఐదుగురు పగటి వాచ్‌మన్లు! ఒగలనొగలు కాయనీకి పెట్టుకున్నరా?”

“హహ... అది రాయాల్నా?”

“నవ్వకు. వాళ్లల్ల ముగ్గురు మీ అశోక్‌నగర్‌లనే కిరాయికుంటరు. అంగీలు నాకే ఏస్తరు. ఆర్నెల్ల సంది చూస్తున్న. సిమెంటు పైపుల గోదాముల పనిచేసేటోని అంగీ ఎట్లుంటది? కాలరు మడత ఇప్పితే బూడిద రాలాలె. వీళ్ల అంగీలు సెంటు వాసన. ఒక్క గింజ దుమ్ము లేదు. పట్టుకుంటె చెయ్యి అసహ్యమయితది నాకు. చేస్త గానీ, అసహ్యమయితది.”

“మరి వద్దను.”

“అంగీ ఏం పాపం చేసింది?”

“కాకా, ఒక మాట అడగనా? కోపం చెయ్యకు.”

“అడుగు.”

“రూలు రాకముందు వాళ్లు ఆటగాళ్లను బాజాప్తగ కొంటుండె. నలుగురికి తెలుస్తుండె. ఫలానోనికి ఇంత ఇచ్చిండ్రు అని పేపర్ల పడుతుండె. అప్పుడు వాళ్లు ఉత్త పైసలున్నోళ్లు. ఇప్పుడు దొంగలైండ్రు. కొనుడు మాత్రం ఆగిందా?”

“అంటే? రూలు తప్పా?”

“తప్పు అంటలే. వాళ్లు ఎత్తు పెరగకుండ పైన కప్పేసినవ్. మంచిగుంది. మనం కూసున్న గుంతను పూడ్చినవా? యాభై వేలు దాటొద్దంటె, మన దగ్గర పన్నెండు వేలు గూడ లేవాయె. నువ్వేమో గుడ్లు, అరటిపండ్లు, కాలికి కట్టిన పట్టీ గూడ నోట్‌బుక్‌ల రాసి లీగ్‌కిచ్చినవ్. లీగోళ్లు మన లెక్కలే నాలుగు దినాలు చూసిండ్రట. పైపులోళ్లయి ఒక్క పూటల అయిపోయినయట.”

“రాసినోన్నే పట్టుకుంటరు. రాయనోన్ని ఏం పట్టుకుంటరు? గందుకే ఇయ్యాల రాస్తున్నం. రూలు మంచిదే శ్రీశైలం. మనుషులు... సరే, లిస్టు తియ్యి. గోదాముల గుమాస్త, మీ దోస్తు రామచంద్రం ఇచ్చిండు గద, హాజరుపట్టి జిరాక్సు.”

“ఇచ్చిండు. ఆయన పేరు బయటికి రావద్దు కాకా. నౌకరి పోతది.”

“రాదు. చదువు. ఒక్కో పేరు చదివి అర్జీల ఎక్కియ్యి.”

“చాయ్ తాగి చదువుదమా?”

“చాయ్ పెట్టాల్నా బిడ్డా? పాలున్నయి.”

“ఏమే ఆశమ్మా, నువ్వు గీడ మాటలే ఇంటున్నవా? చాయ్ వద్దు.”

“నువ్వు తాగకు. ఆ పిల్లగాడు పొద్దటి సంది తిన్నట్టు లేడు, మొఖం చూడు.”

“వద్దు చిన్నమ్మా. నాకేం వద్దు.”

“ఇప్పుడే కావాలె అంటివి?”

“ఇప్పుడు వద్దు.”

“చదువు మరి. ఆగు. శ్రీశైలం... ముందుగాల ఒకటి చూడు. ఆ పదో నంబర్ పేరు ఉందా అందుల?”

“నగేష్‌దా?”

“పదో నంబర్ అన్న గద. మొన్న మన మీద గోలు కొట్టినోడు.”

“నగేష్ పేరు లేదు.”

“బాగ చూడు. నా కొడుకని దాచకు. ఉంటే మొదలు వాని పేరే రాద్దం.”

“లేదు కాకా. ఒట్టు. వాళ్ల క్లబ్బు లెక్కల చూపిచ్చిన పదిహేను వందలు తప్ప వాని పేరు మీద యాడ ఏం లేదు.”

“లేదా?”

“లేదు.”

“...అంతమాత్రం సిగ్గుందన్నట్టు. జులైల పైపులోళ్ల టీముకు పోయేటప్పుడు చెప్పిండు, ‘నాయినా, ఆట కోసమే పోతున్న, పైసల కోసం కాదు’ అని. నేను నమ్మలే. నమ్మక పది నెలలు మాట్లాడలే. ఇంటున్నవా ఆశమ్మా? నీ కొడుకు పేరు లేదంట.”

“ఇన్న.”

“గంతేనా?”

“ఏమనమంటవ్? పొయ్యి మీద అన్నమున్నది.”

“ఇందాక పాలంటివి. సరే, చదువు.”

“ఒకటి, సలీం, సూపర్‌వైజర్. రెండు, డేవిడ్, టైమ్‌కీపర్. మూడు, రాములు, పగటి వాచ్‌మన్...”

“రాయి, రాయి. అన్నీ ఎక్కియ్యి. నేను ఈ ప్యాంట్లు అయిపోగొడ్త.”

“...పదిహేడు, కృష్ణయ్య, లోడింగ్ సూపర్‌వైజర్. అయిపోయింది కాకా. సంతకం పెట్టు. నేను సైకిల్ మీద పోయి ఇచ్చొస్త. నాలుగున్నర దాటుతున్నది.”

“ఇటు తే, చూస్త.”

“ఇంగ్లీషుల ఉంది.”

“మీ ఇంగ్లీషు రాదు. అంకెలొస్తయి. పదిహేడు కింద గీ బాణం గుర్తు ఏంది?”

“అది... జిరాక్సు గీత.”

“జిరాక్సు గీతకు మూతి ఉంటదా? దుకాణంల పట్టీ రాసేటప్పుడు నేను గూడ పెడ్త గట్ల. కాయితం సరిపోకుంటె, వెనక ఇంకోటి ఉందని. ఇంకో కాయితం ఏది?”

“ఇంకోటి లేదు.”

“జేబుల చెయ్యి ఎందుకు పెట్టినవ్?”

“కాకా, పదిహేడు పేర్లు చాలు. పదిహేడుతోని వాళ్ల పని అయిపోతది. ఇంకొకటి ఎందుకు?”

“ఒక్కటే ఉందన్నట్టు. ఎవరు? నువ్వా? నువ్వు గూడ సంతకం పెట్టినవా వాళ్ల దగ్గర? మొన్న ఆ బంతి నీ చేతికి తగిలి లోపలికి పోయింది. నేను చూసిన. ఏమనలే.”

“నేనా? కాకా! గంత మాట...”

“మరి ఎవరు?”

“బిడ్డా, ఇయ్యి. చదువు ఆయనకు.”

“చిన్నమ్మా, నువ్వు ఊకో.”

“చదువు అంటున్న.”

“...పద్దెనిమిది. ఆశమ్మ. క్యాంటీన్ పని. నెలకు తొమ్మిది వందలు.”

“మా పాలమూరోళ్లల్ల ఇంటికొక ఆశమ్మ ఉంటది.”

“భర్త పేరు తిమ్మయ్య. చిక్కడపల్లి... కాకా, కాలుతున్నది! ఇస్త్రీపెట్టె! ప్యాంటు కాలుతున్నది!”

“కాలనీ. ఆశమ్మా, ముందటికి రా.”

“వచ్చిన.”

“కాచిగూడల ఆ గోదాం ఎట్లుంటదే?”

“నాకేం తెల్సు? లోపలికి పోలే నేను. నెలకొక్కసారి గేటు కాడికి పోయి వేలు ముద్రేసి వస్తుంటి.”

“తొమ్మిది వందలకు.”

“నగేష్ పేరు మీద ఇంకా పైసలు ఇయ్యనీకి రాదట. నీ రూలు అడ్డమున్నది. ఇంట్ల ఎవరిదన్న పేరియ్యమన్నరు. నీ పేరు ఇయ్యాల్నా మరి?”

“రూలు నాది. ముద్ర నీది. ఛీ! నేను మెట్లెక్కి దిగి, ఎక్కి దిగి, గీ రూలు తెస్తే నా ఇంటికే దొడ్డిదారి పెట్టిండ్రు. పది నెలలు! ఆ పైసలు ఏం చేసినవే? ఇంట్ల ఒక్క కొత్త గిన్నె లేదు. నీ ఒంటి మీద కొత్త చీర లేదు.”

“ఖర్చయినయి.”

“దేనికి?”

“అయినయి అంటున్న గద.”

“దేనికే?”

“శ్రీశైలం సంచిల చూడు.”

“నా సంచిలనా? నా సంచిల ఏముంటది చిన్నమ్మా? జెర్సీ, బూట్లు...”

“గవే.”

“ఏ గవి? బూట్లు నీ కడియాలు అమ్మి తెచ్చినయి. పదమూడు జతలు. నోట్‌బుక్‌ల రాసిన నేను. ‘ఆశమ్మ, వెండి కడియాలు అమ్మి ఇచ్చినది’ అని రాసి లీగ్‌కు ఇచ్చిన.”

“నేను చెప్పింది రాసినవ్. కడియాలు బియ్యం డబ్బల ఉన్నయి. నువ్వే అంటివి, పోరగాళ్లకు బూట్లు లేకుంటె ఈ ఏడు దిగుడే లేదు, క్లబ్బు బంద్ పెడ్త అని. అన్నం తినలే రెండు దినాలు. నగేష్‌కు చెప్పిన. ‘ఆ పైసలు నాకొద్దమ్మా, నాయిన టీముకు బూట్లు కొను, నా పేరు చెప్పకు’ అన్నడు.”

“మరి మా మీదనే గోలెందుకు కొట్టిండు చిన్నమ్మా?”

“కొట్టకుంటె నాయిన ఇగ జన్మల మొఖం చూడడు అన్నడు బిడ్డా. ఆటల మోసం చేసినోన్ని ఆయన చూడడు అన్నడు.”

“ఆటల చెయ్యలే. థూ. అందరం కడిగిన ముత్యాలమే. పైపులోళ్ల బూట్లేసుకొని పైపులోళ్ల మీద ఆడినం. ఇస్త్రీ జెర్సీలు! ప్రతి మ్యాచ్‌కు పొద్దుగాల లేచి నా చేతుల మీద ఇస్త్రీ చేసిన. మడత నలగొద్దని.”

“కాకా, ఇను. ఎవ్వరికి తెల్వదు. ఈ రెండో కాయితం చింపేస్త. పదిహేడు పేర్లతోని ఇస్త. మ్యాచ్ రద్దయితది, మనం మొదటి డివిజన్‌లనే ఉంటం. ఏడో రూలు రాసిన లైను గూడ కొట్టేస్త. పావు తక్కువ ఐదైంది.”

“చించు బిడ్డా, చించు. ఆయన మాట ఇనకు.”

“చింపితే వాళ్ల తీర్గనే అయితం గద శ్రీశైలం? నలభై తొమ్మిది వేల ఎనిమిది వందలోళ్ల తీర్గ.”

“అయితే ఏమయితది కాకా? ఇరవై ఆరేండ్ల క్లబ్బు!”

“ఏమయితదా? రేపటి సంది ఆ ముగ్గురి అంగీలు చేసేటప్పుడు చెయ్యి అసహ్యం కాదు. గంతే అయితది. సంచి ఇటు తే.”

“బూట్లా?”

“బూట్లే. మిగిల్న పన్నెండు జతలు గూడ రేపు తెచ్చి గీడ పెట్టమను.”

“మరి అర్జీ ఇస్తవా, ఇయ్యవా?”

“ఇస్త. ఇంకో తెల్లకాయితం తియ్యి.”

“ఇంకోటి ఎందుకు?”

“అది వాళ్ల మీద. ఇది మన మీద. మనదే ముందు రాయి.”