రౌండు వాడిది

ఒరాన్ ఊరి పెద్దలారా, బాక్సింగ్ తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఖీరా అత్తా,

చాలామంది వచ్చారు. హాలు చాలక మెట్ల మీద కూడా నిలబడ్డారు. లఖ్దర్ మామ ఈ జనాన్ని చూస్తే సంతోషించేవాడా? నాకు అనుమానమే. ఆయన బతికుండగా ఇందులో సగం మంది సలాం చెప్పడం కూడా మానేశారు. పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలంటారు. మాట్లాడతాను. ఉన్నవాళ్ల గురించి మాత్రం ఆ మాట ఇవ్వలేను.

నా పేరు నసీమా. ఈ ఊళ్లో రింగు పక్కన కూర్చుని పాయింట్లు వేసిన మొదటి ఆడదాన్ని. నేర్పింది ఆయనే. మొదటిరోజే నా చేతిలో దూది పెట్టి, "చెవుల్లో పెట్టుకో తల్లీ, చెవులు జనం మాట వింటాయి" అన్నాడు. పెట్టుకుని చూశాను. అంతవరకు గెలుస్తున్నాడనుకున్నవాడు గెలవడం లేదు! వాడి గుద్దులన్నీ అవతలివాడి చేతుల మీదే పడుతున్నాయి. చప్పుడే తప్ప దెబ్బ లేదు. పిడికిలి ముఖానికో, పొట్టకో సూటిగా తగిలితేనే దెబ్బ. మీదమీదకు దూకేవాడల్లా గెలిచినట్టు కాదు. ఏ రౌండు లెక్క ఆ రౌండుకే. పోయిన రౌండులో ఓడాడని జాలిపడి ఈ రౌండు ఇవ్వకూడదు. గెలిచినవాడికి పది, రెండోవాడికి తొమ్మిది. సమానం అని రాయడానికి వీల్లేదు.

"ఒకడు కిందపడిపోతే పల్లీలమ్మేవాడు కూడా తీర్పు చెబుతాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నప్పుడే మన అవసరం. అప్పుడు భయపడేదానివైతే బయట బండి దగ్గర శనగపిండి కరాంటికా తిని ఇంటికి పో" అనేవాడు.

మూడేళ్ల కిందటి ఫైనల్ మీకు గుర్తుందా? ఎందుకు గుర్తుండదు! సీసాలు విసిరింది మీరేగా!

మన రెద్వాన్‌కూ, తియారెత్ నుంచి వచ్చిన బెలఖీర్‌కూ పోటీ. మొదటి రౌండు మనవాడిది, రెండోది బెలఖీర్‌ది. మూడో రౌండులో మనవాడు తరుముతూనే ఉన్నాడు, హాలు పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు మీరు. బెలఖీర్ వెనక్కి జరుగుతూనే ఎడమచేత్తో ముఖం మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. గంట మోగగానే మామ ఆ రౌండు బెలఖీర్‌కు రాసి చీటీ ఇచ్చేశాడు. నేనూ బెలఖీర్‌కే రాశాను. మూడో జడ్జి మనవాడికి ఇచ్చాడు. అయినా ఇద్దరి మాట నెగ్గాలి కదా?

ఫలితం చెప్పకుండా ఆపేశారు. నిర్వాహకులు మమ్మల్నిద్దరినీ బట్టలు మార్చుకునే గదిలోకి పిలిచారు. "లఖ్దర్ గారూ, ఒక్క అంకె మార్చండి. మన పిల్లాడేగా!" అన్నారు. మామ లేచి నిలబడ్డాడు. "చీటీ మీద సంతకం నాది. రౌండు వాడిది. వాడి సొమ్ము నేనెలా పంచిపెట్టను?" అన్నాడు. నాదీ అదే మాట అన్నాను.

బెలఖీర్ గెలిచాడు. ఆ తర్వాత? మామ తలుపు మీద "గుడ్డివాడు" అని రంగుతో రాశారు. ఆయనకు చూపు మందగించిందని ప్రచారం చేశారు. కంటి డాక్టరు పరీక్ష చేసి అద్దాలే అక్కర్లేదన్నాడు. ఎవరు విన్నారు? ఆయన్ను జడ్జిగా పిలవడం మానేశారు. నన్ను మాత్రం ఉంచారు. ఎందుకో తెలుసా? ఆడదాన్ని తీసేస్తే పేపర్లో వస్తుందని!

పోటీలున్న ప్రతి శుక్రవారం ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని ఫోను పక్కన కూర్చునేవాడట. ఖీరా అత్త చెప్పింది. ఆ ఫోను మోగలేదు. ఒక్కసారి కూడా మోగలేదు. గుండె ఆగి పోయినరోజు కూడా ఆ చొక్కానే వేసుకుని ఉన్నాడు.

ఈరోజు మాత్రం ఆ నిర్వాహకులే ఇంత పెద్ద పూలచక్రం పంపారు. "న్యాయమూర్తికి నివాళి" అట! సిగ్గు లేదూ?

నిన్న జనాజాకు మొదట భుజం పట్టింది ఎవరు? మీరు ఎవరి పేరు చెప్పుకుని ఆయన్ను వెలివేశారో, ఆ రెద్వాన్! వాడు నాతో ఏమన్నాడో వినండి. "అక్కా, ఓడానని నాకు గంట మోగినప్పుడే తెలుసు. ఆ వారమే మామ ఇంటికెళ్లి చెప్పాను. టీ పోసి, 'కుడిచెయ్యి దించేస్తున్నావురా గాడిదా, అందుకే తన్నులు తిన్నావు' అన్నాడు. అప్పటినుంచి వారం వారం వెళ్లి నేర్చుకున్నాను."

దెబ్బ తిన్నవాడికి లేని కోపం, చూసినవాళ్లకు ఎందుకయ్యా?

ఇక చాలు. ఆయన కోసం లేచి, ఒక నిమిషం మౌనంగా నిలబడదాం. ముందు వరుసలోని నిర్వాహకులారా, మీరు మాత్రం లేవకండి. మీ మౌనాన్ని ఆయన మూడేళ్లు భరించాడు, ఇంకో నిమిషం అక్కర్లేదు.

రెద్వాన్, నువ్వు వచ్చి అత్త పక్కన నిలబడు.

మిగతావాళ్లు లేవండి.