మల్లేశు ట్యాపు కొట్టిన రోజు

నువ్వు పని ఆపకు బుజ్జిబాబూ, ఊరికే చెప్తున్నా. పొద్దున నడి ఏట్లో ఇంజన్ ఆగిపోయిన దగ్గర్నుంచి ఆ పాత సంగతే గుర్తొస్తోంది. ఆయిల్ దించే బోల్టు దగ్గర థ్రెడ్డు పోయిందన్నావు కదా, అప్పుడూ అదే. ఈ ఇంజన్ కాదులే, పాతది. మీ మేనమామ మల్లేశు కూడా ఇంజన్ బాగుచేసేటప్పుడు ఇట్లాగే, ఒక కాలు మడిచి కూర్చునేవాడు. నీకు గుర్తుండడు.

మా స్వర్ణకి ఆరేళ్లప్పుడు. శబరి ఏరు పొంగి రోడ్డు మునిగింది. పిల్లకి జ్వరం, తెల్లారేసరికి ఫిట్స్. చింతూరు ఆసుపత్రికి పోవాలంటే ఏరు దాటాలి, ఊరికి ఉన్నది మా పడవ ఒక్కటే. పిల్లని ఎత్తుకుని వచ్చేసరికి ఇంజన్ కింద నల్లగా ఆయిల్ మడుగు. మల్లేశన్న వేలు పెట్టి చూశాడు. బోల్టు తిరుగుతూనే ఉంది, పట్టడం లేదు. "దీన్నెవరయ్యా బిగించింది?" అన్నాడు. మా ఆయన ప్రసాద్, "నేను ముట్టుకోలేదు" అన్నాడు. "నువ్వు కాకపోతే దెయ్యం బిగించిందా" అని ఒడ్డునున్నవాళ్లు నవ్వారు. పిల్ల అట్లా ఉంటే నవ్వేంటంటావా? జనం. నవ్వుతారు. అప్పట్లో మా పడవ నడిపే ధర్మ, "సబ్బు కూరి గుడ్డ చుట్టెయ్ మావా, ఎంత, అరగంట దారి" అన్నాడు. మల్లేశన్న వినలేదు. "వేడికి కరుగుద్దిరా. ఈ వరదలో ఇంజన్ పట్టేస్తే తెడ్డేస్తావా నువ్వు?" అని సంచిలోంచి ట్యాపు తీశాడు, అదే, కొత్త థ్రెడ్డు కోసేది. కోసేప్పుడు రాలే రజను లోపల పడకుండా ట్యాపుకి గ్రీజు పూశాడు. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. మళ్లీ అర చుట్టు. ఒళ్లో పిల్ల కళ్లు తేలేస్తోంది, ఈయన వెనక్కి తిప్పుతాడేంటని నాకు ప్రాణం పోతోంది. నోటికొచ్చిందల్లా అన్నాను. "నీకు పిల్లలుంటే తెలిసేది" అన్నాను. ఆయన చెయ్యి ఆగింది. తల ఎత్తలేదు. "వెనక్కి తిప్పకపోతే ట్యాపు విరిగి అందులోనే ఉండిపోద్దమ్మా" అన్నాడు, అంతే. డీజిల్‌తో కడిగి, ఒక సైజు పెద్ద బోల్టు, రాగి వాషరు వేసి, కొత్త ఆయిల్ పోసి మాతోపాటు తనూ పడవ ఎక్కాడు. అవతలి ఒడ్డు దాకా ఆ బోల్టునే చూస్తూ కూర్చున్నాడు. చుక్క కారలేదు. పిల్ల బతికింది.

ఆ బోల్టు బిగించింది నేను, బాబూ. ముందురోజు ప్రసాద్ సంతకి పోయాడు. కింద కాస్త చెమ్మ కనపడితే, గట్టిగా బిగిస్తే ఆగుద్దనుకుని స్పానరు పెట్టి దానిమీద ఎక్కి నిలబడ్డాను. కర్రుమంది. ఏమీ కాలేదులే అనుకున్నా. ఒడ్డున అందరూ మా ఆయన్ని అంటుంటే కూడా నోరు విప్పలేదు. మీ మావయ్యని అన్న మాటా వెనక్కి తీసుకోలేదు. ఇవాళ చెప్తా, రేపు చెప్తా అనుకుంటూనే ఉన్నా. రెండేళ్లకి మీ మావయ్య కామెర్లతో పోయాడు.

బిగించింది నేనని ఆయనకి తెలుసా అంటే... పిల్లని ఇంటికి తెచ్చిన వారానికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. చిన్న స్పానరు తెచ్చాడు, ఇంతే, పిడికిట్లో పట్టేంత. దానిమీద కాలు పెట్టడానికి చోటుండదు. "దీంతో బిగించమ్మా, చెయ్యి ఆగినకాడ ఆపెయ్" అన్నాడు. ప్రసాద్ పక్కనే నిలబడి ఉన్నాడు. అయినా మల్లేశన్న దాన్ని నా చేతిలోనే పెట్టాడు.

...

నీళ్లు పెరుగుతున్నట్టున్నాయి. ఆ తాడు ఇంకాస్త పైకి కట్టు.